తాతారావు తలలో గండి

పంచాయతీ ఆఫీసులో కుర్చీలు మునిగిన వరద ఏడు, ఊళ్లో నీరు తీసినా తాతారావు తలలో తియ్యలేదు. అందులో, వరదకి కొట్టుకుపోయిన అతని తమ్ముడు ధనరాజు మొలలోతున నిలబడి ఉన్నాడు.

సంగతి పెద్దాసుపత్రి స్కానులో తేలింది. కొయ్యలేదు, సూది గుచ్చలేదు. గొట్టంలో పడుకోబెట్టి కదలొద్దన్నారు. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి పోకుండా మధ్యన ఒక గట్టు ఉంటుందని, తాతారావుకి అక్కడ గండి పడిందని డాక్టరు చెప్పాడు. ఈ ఏడు ఇలాంటివి ఎక్కువేనన్నాడు. బొమ్మలో ధనరాజు చెయ్యి ఊపుతున్నాడు. కదిలినందువల్ల బొమ్మ చెడిందని మళ్లీ తీశారు.

గండి కాబట్టి కాగితాలు ఇరిగేషన్ వారికి వెళ్లాయి. లోపల మనిషి ఉన్నాడు కాబట్టి ఒక నకలు తహసీల్దారుకి వెళ్లింది. వరదలో ఎవరూ పోలేదని ఆయన అప్పటికే పైకి రాసేశారు. ధనరాజు భార్య పల్లాలమ్మ మరణ ధ్రువపత్రం కోసం అక్కడే తిరుగుతోంది. అది లేనిదే పింఛను రాదు, ఇద్దరు పిల్లలకి తిండి లేదు. గుమాస్తా స్కాను వెలుతురుకి పెట్టి చూశాడు.

"మీ ఆయన ఇక్కడున్నాడు గదమ్మా. బతికున్నోడికి ఎలా ఇస్తాం?"

"ఇంటికి రాడు గదండీ."

"అది మీ ఇంటి గొడవ."

తాతారావు ఒకచోట కూర్చోలేడు. పడుకుంటే నీరు తమ్ముడి గొంతుకి వస్తుంది. గుంజకి ఆనుకుని నిలబడే కునికేవాడు. ఉలిక్కిపడి లేచి తల నిటారుగా పెట్టుకుని వాకిట్లో తిరిగేవాడు.

చివరికి గండి పూడ్చడానికి ఇరిగేషన్ వారు ఒప్పుకున్నారు. పూడిస్తే నీరు ఇంకుతుంది, ధనరాజు ఉండడు, అప్పుడు ధ్రువపత్రం ఇవ్వొచ్చు. అన్న సంతకం చాలన్నారు.

పల్లాలమ్మ తాతారావు దగ్గరికి వచ్చింది.

"బావగారూ, ఆయన్ని ఓ మాటడగండి. చలేస్తందేమో."

తాతారావు కళ్లు మూసుకుని విన్నాడు.

"పిల్లలు తిన్నారా అంటన్నాడమ్మాయ్."

"తిన్నారని చెప్పండి."

చెప్పి, సంతకం పెట్టాడు.

సాయంత్రానికి పూడ్చేశారు. మళ్లీ స్కాను తీసి, గట్టు సక్రమంగా ఉందని రాశారు. ధ్రువపత్రంలో మరణ కారణం దగ్గర "అన్న అంగీకారం" అని వేశారు. వరద మృతులు సున్నాగానే మిగిలారు.

మర్నాడు తాతారావు ఎండెక్కాక లేచాడు. ఒళ్లు తేలిగ్గా ఉంది. వాకిట్లో పల్లాలమ్మ ధ్రువపత్రం పట్టుకుని ఏడుస్తోంది. అతను దాన్ని తీసుకుని కూడబలుక్కుని చదివాడు.

"ధనరాజంటే ఎవరమ్మాయ్, మనూరోడేనా?" అని అడిగి, ఆమె బదులు చెప్పేలోపే వల భుజాన వేసుకుని ఏటికి వెళ్లిపోయాడు.