వీరేశం బండికి పదిహేడు పరీక్షలు

ఆ శనివారం పొద్దున సుబ్బరాయుడు పెట్టుకున్న పని ఒక్కటే. పుప్పాలగూడ వెళ్లాలి. అక్కడ వీరేశం అనే పెద్దాయన అమ్మకానికి పెట్టిన పాత క్వాలిస్ బండిని చూడాలి. బాగుంటే కొని, సాయంత్రంలోగా గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రాన్స్‌పోర్టు మేనేజరుకు చూపించాలి. చూపిస్తే సోమవారం నుంచి ఉద్యోగులను తీసుకొచ్చే మియాపూర్ రూటు అతనిది. లేకపోతే ఇంకొకడిది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. కంపెనీలన్నీ బండ్ల కోసం వెతుకుతున్నాయి. ఇంత గిరాకీ ఉన్న కాలంలో సుబ్బరాయుడు బండి లేని డ్రైవరుగా మిగిలాడు.

నెల కిందటి వరకు అతనికీ ఒక వ్యాను ఉండేది. దాని మెరుపు చూసి కొన్నాడు. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, మీటరులో నలభై వేల కిలోమీటర్లు. మూడో నెలలో ఎనిమిది మంది ఉద్యోగులతో సహా కొండాపూర్ దగ్గర ఆగి, మళ్లీ లేవలేదు. మెకానిక్ ఇంజను విప్పి చూసి, బండి దేశమంతా తిరిగిందనీ, మీటరు మాత్రం ఇంట్లోనే కూర్చుందనీ చెప్పాడు.

ఇంకొకరైతే ఏడ్చేవారు. సుబ్బరాయుడికి ఆసక్తి పుట్టింది. బండి లోపలి సంగతి బయటినుంచి ఎలా తెలుసుకోవాలని బాలానగర్ షెడ్లన్నీ తిరిగాడు. కనిపించిన ప్రతి మెకానిక్‌నూ అడిగాడు. చివరికి ఒక నోటుపుస్తకంలో పాత బండికి చేయాల్సిన పరీక్షలు వరసగా రాసుకున్నాడు. మొత్తం పదిహేడు.

"పరీక్షలు చెయ్యి, కాదనను. నోరు మాత్రం తెరవాకు," అంది భార్య అనసూయమ్మ, టిఫిను ప్లేటు ముందు పెడుతూ. "పోయినసారి బండి చూస్తానే బలే ఉండాదే అంటివి. ఆ మాటతో వాడు ధర దిగనే లేదు. ఈసారి ధర తేలేదాకా ఒక్క మాట గూడా రాకూడదు."

"మాట్లాడకుండా ఎట్లుండేదే?"

"నేను ఇరవై ఏండ్ల నుంచి నీ మాటలు వింటా ఎట్లుండానో అట్లే. అదీ గాక మన కడప మాట వింటే ఈ దినాల్లో ఎవురేమనుకుంటారో. తల ఊపు, చాలు."

సుబ్బరాయుడు అప్పటినుంచే తల ఊపడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ల స్కూటరు అడిగి తీసుకుని పుప్పాలగూడ చేరాడు.

వీరేశం రేకుల షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కొత్త అపార్టుమెంట్ల మధ్య ఆ ఇల్లొక్కటే పాత ఊరికి మిగిలిన గుర్తు. షెడ్డులో తెల్లటి క్వాలిస్ నిలబడి ఉంది. నంబరు పలక మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపి టీజీ అని రాసి ఉంది. ఆ రోజుల్లో చాలా బండ్ల మీద అలాగే ఉండేది.

"బండి కోసం వచ్చినవా?" అన్నాడు వీరేశం.

సుబ్బరాయుడు తల ఊపాడు. వీరేశం తాళంచెవి ఇచ్చాడు. ఆయనకు అంతకన్నా మాట్లాడే అలవాటు లేదు. అమ్మేవాడు బండిని పొగడకపోవడం సుబ్బరాయుడికి వింతగా తోచింది.

మొదటి పరీక్ష, బానెట్టు మీద చెయ్యి పెట్టడం. చల్లగా ఉంది. అంటే తను వచ్చేముందు స్టార్టు చేసి వేడెక్కించలేదు. రెండోది, బండి కింద పేపరు పరచడం. పావుగంట ఆగి తీసి చూస్తే ఒక్క నూనె చుక్క లేదు. మూడోది, పొగగొట్టం దగ్గర తెల్ల జేబురుమాలు పట్టుకోవడం. రుమాలు కొంచెం మాసింది గానీ జిడ్డు అంటలేదు. బ్రేకు పెడలు రబ్బరు అరిగిపోయి నున్నగా ఉంది. మీటరు చూస్తే మూడు లక్షల పన్నెండు వేలు. సుబ్బరాయుడు మీటరును వేలితో చూపించి, వేలిని వెనక్కి తిప్పి, కనుబొమలు ఎగరేశాడు.

"తిప్పలే," అన్నాడు వీరేశం. "నడుస్తది."

అప్పుడు షెడ్డు గోడ కనిపించింది. దాని మీద బొగ్గుతో నిలువు గీతలు వరసలుగా ఉన్నాయి. మధ్యలో మూడుచోట్ల అడ్డగీతలు. సుబ్బరాయుడు గోడ దగ్గరికి వెళ్లి వాటి వైపు చూస్తూ నిలబడిపోయాడు. వీరేశం భార్య కనకలక్ష్మి వాకిలి ఊడుస్తూ చెప్పింది.

"ఐదు వేలు తిరిగినప్పుడల్ల ఆయిల్ మారుస్తడు. మార్చి గీత గీస్తడు. లచ్చకొకసారి బెల్టు మారిస్తే అడ్డగీత. మా పెండ్లి దినం ఎన్నడు యాదికుండదు గని, ఇది మాత్రం మర్వడు."

సుబ్బరాయుడు నిలువు గీతలు లెక్కపెట్టాడు. అరవై రెండు. మనసులో హెచ్చవేసుకున్నాడు. మూడు లక్షల పది వేలు. మీటరుతో సరిపోయింది. బలే ఉండాదే అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇద్దరు మాట్లాడరా ఏంది? మంచిగ దొరికిండ్రు ఒకనికొకడు," అంది కనకలక్ష్మి.

పది గంటలకల్లా పదమూడు పరీక్షలు పూర్తయ్యాయి. మిగిలినవి నాలుగు. బరువు వేసి నడపడం. ఆ బరువు మీద, చక్రాల పైన బండిని మోసే వెనక కమాను పట్టీలు ఎలా కుంగుతాయో కింద దూరి చూడడం. ఎండలో ఇంజను ఆపకుండా నిలబెట్టడం. నిండు బండిని ఎత్తు ఎక్కించడం. ఇవి రోడ్డు మీద చేయాల్సినవి. సుబ్బరాయుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. వీరేశం పక్కన కూర్చున్నాడు.

చౌరస్తాలో వంటా వార్పూ జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పడం అప్పటి పద్ధతి. రోడ్డుకు ఒక పక్క టెంటు వేశారు, రెండో పక్క బండ్లకు వదిలారు. మైకు పట్టుకుని ఉన్న దినేశ్ అనే కుర్ర నాయకుడు క్వాలిస్‌ను చూసి ఎదురొచ్చాడు.

"వీరేశం మామా, మంచిగ దొరికినవ్. బియ్యం, గంజులు యాదమ్మ ఇంటికాడనే ఉన్నయ్. జర బండి అటు తిప్పి తెచ్చియ్యి."

వీరేశం సుబ్బరాయుడి వైపు చూశాడు. సుబ్బరాయుడు పుస్తకం వైపు చూశాడు. పద్నాలుగు, బరువు. ఉత్సాహంగా తల ఊపాడు.

"ఈ అన్న ఎవలు?"

"నా ఎంబడి వచ్చిండు," అన్నాడు వీరేశం.

"అన్నా, నీ పేరేంది?"

సుబ్బరాయుడు నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. దినేశ్ కాసేపు ఆలోచించాడు. ఆ నెలలో రకరకాల దీక్షలు చూశాడతను. తిండి మానేసినవాళ్లు, గుండు కొట్టించుకున్నవాళ్లు, వెనక్కి నడిచినవాళ్లు.

"మౌన దీక్షనా అన్నా?"

కాదని చెప్పాలంటే మాట్లాడాలి. సుబ్బరాయుడు తల ఊపాడు. దినేశ్ ఆ సంగతి మైకులో చెప్పేశాడు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు.

యాదమ్మ ఇంటి నుంచి ఆరు బస్తాల బియ్యం, అన్నం వండే నాలుగు పెద్ద గంజులు, కట్టెలు, వాటి మీద పదిమంది ఆడవాళ్లు ఎక్కారు. యాదమ్మ ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది. బండి మూలగకుండా చౌరస్తాకు తెచ్చింది. పద్నాలుగో టిక్కు పడింది. బరువు దించేలోపే పట్టీలు చూడాలని సుబ్బరాయుడు గబగబా దిగి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, తల బండి కిందికి దూర్చాడు.

బయటివాళ్లకు కనిపించింది రెండు కాళ్లు, ఒక పూలదండ చివర.

"మౌన దీక్ష అన్న రోడ్డుకు అడ్డం పండిండు," అన్నాడు దినేశ్ మైకులో. "మనం నిలవడి చూసుడేనా?"

పట్టీలు ఒక్కొక్కటీ తడిమి, ఏదీ విరగలేదని తేల్చుకుని, పదిహేనో టిక్కు పెట్టి సుబ్బరాయుడు బయటికి వచ్చేసరికి, అతనికి అటూ ఇటూ ముప్పైమంది వరసగా పడుకుని ఉన్నారు. బండ్లకు వదిలిన పక్క కూడా మూసుకుపోయింది. దాని వెనక కంపెనీ బస్సులు బారులు తీరాయి.

ఇంతలో మైకు సెట్టు బ్యాటరీ అయిపోయింది. క్వాలిస్ బ్యాటరీకి వైర్లు కలిపారు. ఆ బ్యాటరీ దిగిపోకుండా ఇంజను నడుస్తూ ఉండాలన్నారు. పదహారో పరీక్షను ఎవరో తనకోసమే ఏర్పాటు చేసినట్టుంది సుబ్బరాయుడికి. డ్రైవరు సీట్లో కూర్చుని, వేడి చూపించే ముల్లు మీదినుంచి చూపు తిప్పలేదు. రెప్ప వేయని ఆ చూపు చూసి ఇద్దరు ముసలమ్మలు దండం పెట్టి వెళ్లారు.

గంటన్నర తరువాత అతని జేబులో ఫోను మోగింది. తీయలేదు. మళ్లీ మోగింది. ఆ ఫోను చేస్తున్న మనిషే, చెవి దగ్గర తన ఫోను పెట్టుకుని, బస్సుల వైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఆయన వెంకటనారాయణ, ట్రాన్స్‌పోర్టు మేనేజరు. ఊరు గుంటూరు వైపు.

"సుబ్బరాయుడు గారూ, బండి చూపిస్తానన్నారు కదండీ. రోడ్డు మూయిస్తానని చెప్పలేదే."

సుబ్బరాయుడు పుస్తకం తీసి, బండి పరీక్షలో ఉంది అని రాసి చూపించాడు.

"మా బస్సు గంట ఆగేసరికి ఆవిరి కక్కి చచ్చిందండి. పన్నెండుమంది ఒంటిగంటకల్లా సీట్లో ఉండాలి," అని మేనేజరు ఆగాడు. "ఇది ఎంతసేపటినుంచి ఇట్లా స్టార్టింగులో ఉందండీ?"

సుబ్బరాయుడు ఒక వేలు చూపించి, రెండో వేలు సగం మడిచాడు. మేనేజరు వంగి ముల్లును చూశాడు. సగం దగ్గరే ఉంది. ఆయన ముఖంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది.

అప్పుడే యాదమ్మ విస్తరి తెచ్చి సుబ్బరాయుడి ఒళ్లో పెట్టింది. వేడి అన్నం, టమాటా పప్పు. దీక్షలో ఉన్నవాడికే మొదటి ముద్ద అంది. పొద్దున తిన్న టిఫిను ఎప్పుడో అరిగిపోయింది. సుబ్బరాయుడు రెండు ముద్దలు తిన్నాడు. పప్పు బాగుంది. ఏదో ఒకటి తక్కువైంది. ఆకలిలో అన్నీ మరిచిపోయాడు.

"అమ్మా, రోంత చెనిక్కాయల పొడి ఉంటే ఎయ్యి."

దినేశ్ మైకును డ్యాష్‌బోర్డు మీద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి ఉన్నాడు. చెనిక్కాయల పొడి సంగతి నాలుగు స్పీకర్లలోంచి చౌరస్తా మొత్తానికి వినిపించింది.

పడుకున్నవాళ్లు తలలెత్తారు. దినేశ్ తడి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నీది కడపనా?"

"కడపే," అన్నాడు సుబ్బరాయుడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "బండి కొనేదానికి వచ్చినా."

"మరి రోడ్డు మీద ఎందుకు పండినవ్?"

"కమాను పట్టీలు చూసేదానికి."

దినేశ్ రోడ్డు మీద వరసగా ఉన్న ముప్పైమందినీ చూశాడు. "మరి మేమెందుకు పండినం?"



"నాకు పొద్దుగాల్నే ఎర్క," అంది యాదమ్మ. "బియ్యం బస్త ఎక్కిస్తుంటె దీక్షల ఉన్నోడు టైరు దిక్కు చూస్తడా? కడపోడైతే ఏంది, ఆకలి కాదా? పల్లిపొడి లేదు బిడ్డా, మామిడికాయ తొక్కుంది. ఏస్త, తిను."

ముందు యాదమ్మ నవ్వింది. తరువాత పడుకున్నవాళ్లు లేచి దుమ్ము దులుపుకుంటూ నవ్వారు. దినేశ్ నవ్వలేదు గానీ, వైర్లు తనే విప్పాడు. "మామ బండిని పోనియ్యుండ్రి. ఆ బస్సు పోరగాండ్లను గూడ అండ్లనే ఎక్కియ్యుండ్రి, పాపం."

పన్నెండుమంది ఉద్యోగులు, మేనేజరు, వీరేశం ఎక్కారు. కంపెనీ గేటుకు ముందు రాతిగుట్ట తొలిచి వేసిన ఎత్తు రోడ్డు ఉంది. సుబ్బరాయుడు రెండో గేరులో వేశాడు. బండి తడబడకుండా పైకి చేరింది. ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుంది. అతను స్టీరింగు మీదే పుస్తకం పెట్టుకుని పదిహేడో టిక్కు పెట్టాడు.

"చూశానండి, నా కళ్లతో చూశాను," అన్నాడు వెంకటనారాయణ, కాగితం తీసి. "మియాపూర్ రూటు సోమవారం నుంచి ఈ బండికేనండి. నంబరు రాసుకుంటాను. టీజీ అని రాయాలా, ఏపీ అని రాయాలా?"

"ఏదన్న రాస్కో సారు. నడుస్తది," అన్నాడు వీరేశం.

మేనేజరు రాసుకుని సంతకం పెట్టాడు. సుబ్బరాయుడు దండ తీసి చేత్తో పట్టుకుని వీరేశం వైపు తిరిగాడు.

"ఇంగ ధర చెప్పన్నా."

వీరేశం బండి దిగాడు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. బానెట్టు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. తరువాత ఆ రోజంతా మాట్లాడినదానికన్నా ఎక్కువ ఒక్కసారే మాట్లాడాడు.

"తమ్మీ, మూడు లచ్చలు తిరిగింది, ఇగ దీని పని అయిపోయిందనుకున్న. అందుకే బేరం పెట్టిన. అన్ని బస్తలు మోస్తదని, అంత సేపు ఎండల నిలుస్తదని నాకే తెల్వదు. నువ్వు సూపిస్తే తెలిసింది. ఇగ దీన్ని అమ్మ."

"రూటు నాది కదన్నా."

"రూటు బండికన్నడు గద సారు."

సుబ్బరాయుడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కాగితం చూశాడు. కాగితం మీద ఉన్నది బండి నంబరు ఒక్కటే.

"నా మోకాండ్లు మంచిగ లెవ్వు," అన్నాడు వీరేశం. "నువ్వు తోలు. వచ్చిన దాంట్ల సగం నీది, సగం నాది. గీత గీసుడు మాత్రం నేనే."

సుబ్బరాయుడు మళ్లీ తల ఊపాడు. వేరే దారి లేదు. పైగా ఆ బండిని వదిలి వెళ్లడానికి మనసు ఒప్పుకోలేదు.

సాయంత్రం స్కూటరు దిగగానే అనసూయమ్మ గుమ్మంలోనే అడిగింది. "ధర తేలిందా?"

"తేల్లేదు."

"నోరు తెరిస్తివా?"

"ఒక్కసారి."

"ఏమంటివి?"

"చెనిక్కాయల పొడి అడిగితి."

ఆమె లోపలికి వెళ్లింది. సుబ్బరాయుడు అరుగు మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు. పదిహేడు టిక్కుల కింద పద్దెనిమిదో అంకె వేసి, ఇలా రాసుకున్నాడు: పై పరీక్షలేవీ అమ్మేవాడి ఎదుట చేయరాదు.