గోడకు అంటుకోనన్న వినైల్‌కు అభినందనలు

అన్యాయం ఎవరికి జరిగింది? మా అక్కకు. ఎలా జరిగింది? ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పాడైతే, సంఘం అధ్యక్షుడు దాన్ని బాగు చేయించే బదులు మెట్ల గోడలకు వినైల్ స్టిక్కర్లు అంటించాడు.

పాఠకులారా, ఆయనను నిందించకండి! లిఫ్టు మనిషిని మోస్తుందంతే, స్టిక్కరు ఉద్ధరిస్తుంది. మలుపు మలుపునా నీలి అక్షరాలు: "మెట్టు మెట్టుకీ ఆరోగ్యం!" "ఆయాసమే ఆయుష్షు!" మోకాళ్లు అరిగి, వానాకాలం నుంచి ఐదో అంతస్తు దిగని మా అక్కకు ఇంతకన్నా ఏం కావాలి? ఒక్కసారి వీధిలో నడవాలట! ఎంత అత్యాశ!

చిక్కల్లా గోడతోనే వచ్చింది. చెమ్మ ఊరే గోడ, చెయ్యి తగిలితే సున్నం రాలే గోడ. పొద్దున అంటించిన హితవు మధ్యాహ్నానికి ఎవరో ఒకరి నెత్తిన పడేది. ఒకనాడు "ఆరోగ్యం" జారి మూడో అంతస్తు గుమాస్తా వీపుకు అంటుకుంది. పాపం, జ్వరమని సెలవు అడిగితే ఆఫీసులో నమ్మలేదు!

అధ్యక్షుడు పట్టు వదిలే మనిషా? గోడను స్పిరిటుతో తుడిచాడు. ప్రైమరు పూశాడు. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి, బుడగ లేకుండా అట్టముక్కతో అదిమాడు. స్టిక్కరు పెచ్చుతో సహా ఊడి చేతికొచ్చింది.

"లిఫ్టు సంగతేమిటి నాయనా?" అని అక్క పైనుంచి అడిగేది.

"కాస్త ఓపిక పట్టండి పెద్దమ్మా, ముందు దీన్ని అంటుకోనివ్వండి!"

చివరకు నున్నగా, పొడిగా, గట్టిగా ఉన్న చోటు దొరికింది: లిఫ్టు తలుపులు! ప్రతి అంతస్తులోనూ రెండు స్టీలు రెక్కలను కలిపి అడ్డంగా ఒకటే స్టిక్కరు: "ఓపికే ఆరోగ్యం!" అది అంటుకుందండీ! గోరు కూడా దూరనంతగా!

ఇంతలో అధ్యక్షుడి మోకాలే పట్టేసింది. వారం తిరక్కుండా లిఫ్టు బాగైంది! కింది తలుపు మీది స్టిక్కరును మెకానిక్కు కోసేశాడు; పైవాటి సంగతి ఎవరికీ తట్టలేదు. తొలి ప్రయాణం అధ్యక్షుడిదే. మా అక్క కృతజ్ఞతలు స్వీకరించడానికి నేరుగా ఐదో అంతస్తుకు విచ్చేశాడు. లిఫ్టు ఆగింది. తలుపు మూలిగింది. తెరుచుకోలేదు.

"పెద్దమ్మా! ఇరుక్కుపోయాను! ఆ స్టిక్కరు పీకండి!"

అక్క కుర్చీ తెచ్చుకుని తలుపు ఎదుట కూర్చుంది. "పీకుతాను నాయనా. గబగబా లాగితే జిగురు మిగిలిపోతుందటగా?"

"ఎంతసేపు పడుతుందండీ?"

"ముందు నా కళ్లద్దాలు దొరకాలి. ఈలోగా నీకు తోచకపోతే, ఇక్కడేదో మంచి మాట రాసుంది, చదవనా?"

వినైల్‌ను నేనెందుకు మెచ్చుకుంటున్నానో ఇప్పుడు బోధపడిందా? కుళ్లిన గోడకు అంటుకోనని అది మొహం మీదే చెబుతుంది. ఆ నిజాయితీ మనకేదీ? మనం గోడను వదిలేసి గట్టి జిగురు కోసం వెతుకుతాం. వెతికేవాణ్ణి ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేస్తాం!

అక్క ఒక్కో అక్షరమే ఒలిచింది. సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. అధ్యక్షుడు చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. అక్క ఆయనకు దారి ఇచ్చి, లోపలికి నడిచి, మీట నొక్కింది.

వానాకాలం నుంచి ఆమెకు బాకీ ఉన్న వీధి, ఆ సాయంత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క అడుగు తగ్గకుండా చెల్లింది.