నాలుగో నంబరు మైకు

ఒక పెద్ద అడవిలో చెట్లకు కొదవ లేదు, మాటలకు అసలే కొదవ లేదు. వినపడటం ఒక్కటే కరువు. అక్కడి వనసభలో ఎవరేం మాట్లాడారో పక్కన కూర్చున్నవాడికే తెలిసేది కాదు. తీర్మానాలు మాత్రం ఏకగ్రీవంగా పాసయ్యేవి. ఎందుకు పాసవవు మరి, వినపడని దాన్ని కాదనేదెవరు?

ఇలా పదేళ్ళు హాయిగా గడిచాక, పొరుగు అడవి సభకు వైర్లు లేని మైకులొచ్చాయని కబురొచ్చింది. అంతే, మన అధ్యక్షుడు ఐరావతయ్యకు కడుపు మండిపోయింది. ఆయన ఏనుగు కాబట్టి కడుపూ పెద్దదే, మంటా పెద్దదే. నెల తిరక్కుండా నాలుగు మైకులు, వాటి మాట అందుకునే పెట్టె ఒకటి, ఇంత లావు బాక్సులు రెండు సభా మండపంలో దిగాయి.

వాటిని బిగించే పని ముంగిస ఎర్రన్న నెత్తిన పడింది. ఎర్రన్న ఆ సభలో తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. గంట కొట్టడం, చాపలు పరవడం, ఎవరికీ పట్టని పనులన్నీ చేయడం అతని ఉద్యోగం. పోయినేడు మండపం వెనక కాస్త దూరాన ఇప్పచెట్ల కింద సంత మైదానంలో ఒక వైర్లు లేని మైకూ, మూతి అవతలి వైపుకు తిప్పి ఒక హారనూ బిగించింది కూడా అతనే. ఇవాళో రేపో పర్మనెంటు ఆర్డరు వస్తుందని ఇంట్లో భార్యకు చెప్పీ చెప్పీ, ఇప్పుడు చెప్పడం మానేశాడు.

ఎర్రన్న మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా ఆ సామానుతో కుస్తీ పట్టాడు. పెట్టెను ఎత్తుగా పెట్టి దాని రెండు యాంటెన్నా కొమ్ములూ నిలబెట్టాడు. మైకుల్లో కొత్త బ్యాటరీలు వేశాడు. బాక్సుకు ఎదురుగా మైకు పట్టుకుంటే చెవులు చిల్లులు పడేలా కూస్తుందని ఒకసారి పట్టుకుని తెలుసుకున్నాడు. నాలుగో రోజు "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటే మండపమంతా గణగణలాడింది. ఆ గొంతు తనదేనని నమ్మడానికి ఎర్రన్నకు కాసేపు పట్టింది.

తర్వాత సభ్యులను కూర్చోబెట్టి చెప్పాడు. "అయ్యా, కిటుకు ఒక్కటే. మైకులో ఏ చానెలు నంబరు పెడితే పెట్టెలోనూ అదే ఉండాలి. అప్పుడే మాట వస్తుంది. రెండు మైకులకు ఒకే నంబరు పెట్టారనుకోండి, రెండూ కొట్టుకుని గరగర తప్ప ఏమీ రాదు. అధ్యక్షులవారికి ఒకటి, ఉపాధ్యక్షులవారికి రెండు, ఎలుగు సింహాచలం గారికి మూడు. నాలుగోది జనం తరఫున వచ్చి మాట్లాడేవాళ్ళకు."

ఉపాధ్యక్షుడు వీరభద్రం అడవిదున్న. ముక్కుపుటాలు ఎగరేశాడు.

"నాకు రెండా? నేనేం తక్కువ తిన్నానని?"

"నంబరుకూ హోదాకూ సంబంధం లేదండీ. రెండోదైనా గొంతు అంతే వస్తుంది."

"గొంతు సంగతి అడిగానా నిన్ను? నంబరు సంగతి అడిగాను. ఒకటి పెట్టు."

"ఆయనకు ఒకటైతే నాకూ ఒకటే. పార్టీ పెట్టినప్పటి నుంచీ ఉన్నవాణ్ణి నేను," అన్నాడు సింహాచలం.

పెట్టక చస్తాడా, పెట్టాడు. ముగ్గురూ ఒకేసారి మైకులు ఆన్ చేశారు. మూకుడులో ఆవాలు వేసినట్టు చిటపటలు. ఆ చిటపటల్లోనే గంటసేపు ప్రసంగాలు చేసి, తమ మాట ఎందుకు రావడం లేదని ముగ్గురూ ఎర్రన్ననే తిట్టారు. పాపం, అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు ఒక ఉపాయం తట్టింది. లోపల నంబర్లు ఒకటి, రెండు, మూడు అలాగే ఉంచి, మూడు మైకుల మీదా "1" అని పెద్ద స్టిక్కర్లు అంటించాడు. గొంతులు ఖంగుమన్నాయి. వీరభద్రం మైకును ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

ఈ తమాషానంతా ఒంటికాలి మీద నిలబడి గమనించినవాడు ఒకడున్నాడు. సభ కార్యదర్శి ధవళేశ్వరరావు. కొంగ. తెల్లటి బట్టలు, అరమోడ్పు కళ్ళు, ఎప్పుడు చూసినా ధ్యానంలో ఉన్నట్టుంటాడు. ఆయన ధ్యానంలో ఉన్నాడంటే ఎవరికో మూడిందన్నమాట. సభ్యులు వెళ్ళాక ఎర్రన్నను పిలిచాడు.

"అయితే పైన కనపడేదొకటి, లోపల ఉండేదొకటి కావచ్చన్నమాట."

"అవునండీ. వాళ్ళ ముచ్చట తీరుతుందని..."

"తప్పులేదు, తప్పులేదు. మరి మైకు లైటు వెలుగుతూ, మాట మాత్రం బాక్సులోకి రాకుండా చేయొచ్చా?"

ఎర్రన్నకు విషయం అర్థమైంది. అర్థం కానట్టు స్టిక్కరు అంచులు నొక్కుతూ నిలబడ్డాడు.

విషయం ఏమిటంటే, పల్లపువాడ దగ్గర పారే వాగును మళ్ళించి ఐరావతయ్య స్నానాల మడుగులోకి కలపాలని తీర్మానం సిద్ధంగా ఉంది. పల్లపువాడ అంతా చెవులపిల్లులే. ఆ వాగు పోతే వాళ్ళకు తాగడానికి చుక్క ఉండదు. వాళ్ళ తరఫున చెవుల సూరమ్మ సభలో మాట్లాడతానని అర్జీ పెట్టింది. మాట్లాడనివ్వకపోతే అల్లరవుతుంది. మాట్లాడిస్తే వినపడుతుంది. ఇంతకాలం ఈ బెడద లేదు, మైకులొచ్చి ఎంత చిక్కు తెచ్చాయో చూడండి.

"నాలుగో మైకును ఎనిమిదో చానెల్లో పెట్టు," అన్నాడు ధవళేశ్వరరావు. "మన పెట్టెలో నాలుగు దాకానే కదా. సంతరోజు సభ పెట్టిస్తున్నాను, జనం ఎవరూ ఇటు రారు. ఆవిడ మాట్లాడుతుంది, లైటు వెలుగుతుంది, మనం విచారిస్తాం."

"అయ్యా, ఎనిమిది అంటే..."

"నాకు లెక్కలు నేర్పుతావా? పోయినేడు సామాను కొన్నప్పటి నుంచీ ఈ చానెళ్ళ ఫైలంతా నా సంతకమే."

అదే చెప్పబోయాడు ఎర్రన్న. సంతలో హారనుకు ఎనిమిదో చానెలు కేటాయిస్తూ పోయినేడు సంతకం పెట్టింది ఈయనే. ఆ కాగితం తన దగ్గరే ఉంది.

"అది కాదండీ, ఆ ఎనిమిది..."

"నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉందయ్యా," అన్నాడు కొంగ మెత్తగా. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడంటే నాకు మహా ఇష్టం."

రెండుసార్లు చెప్పబోయాడు, రెండుసార్లూ నోరు మూయించారు. మూడోసారి చెప్పాలని ఏ రూల్సులోనూ లేదు. ఎర్రన్న చేతులు కట్టుకుని, "ఒక్క ముక్క రాసిస్తే భద్రంగా పెట్టుకుంటానండీ," అన్నాడు. ధవళేశ్వరరావుకు తన దస్తూరీ అంటే తగని మోజు. "నాలుగో నంబరు మైకును ఎనిమిదో చానెలునందు నడుపవలెను" అని రాసి, కింద తోకంత సంతకం గీశాడు.

సభరోజు పొద్దున్నే సూరమ్మ అందరికంటే ముందు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. నాలుగు రోజులుగా తన బొరియ గోడకు చెప్పుకున్న మాటలే పెదాలు కదుపుతూ చెప్పుకుంటోంది.

"తమ్ముడూ, నా గొంతు చిన్నది. ఇందులో వస్తుందంటావా?"

ఎర్రన్న మైకు ఆమె చేతికిచ్చాడు. "లైటు వెలుగుతుంది అక్కా. మైకును మూతికి దగ్గరగా పెట్టుకో. ఏం జరిగినా చెప్పాల్సింది పూర్తిగా చెప్పు, మధ్యలో ఆపకు," అన్నాడు. అని, ఆమె ముఖం వైపు చూడలేక బ్యాటరీలు లేని చోట కూడా బ్యాటరీలు వెతికాడు. సంతలో చాటింపు చెప్పే గోరింక ఉంది చూశారూ, అది మధ్యాహ్నం తిండికి పోతూ తన మైకు కట్టేస్తుంది. హారను మాత్రం అలాగే వదిలేస్తుంది. సూరమ్మ వంతు సరిగ్గా అప్పుడే రావాలి. రాకపోతే రెండు మైకులూ కొట్టుకుని గరగర తప్ప ఏమీ మిగలదు, వాగూ మిగలదు. చెబుదామంటే ఎవరికి చెప్పాలి?

ఐరావతయ్య ప్రసంగం సాగింది. త్యాగం, సేవ, మళ్ళీ త్యాగం. జన్మలో మొదటిసారి ఎర్రన్న ఒక ప్రసంగం ఇంకా సాగాలని కోరుకున్నాడు. దేవుడు దయామయుడు, సాగింది. అది ముగిసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, దూరాన సంతలోంచి గోరింక తిండికి ఎగిరిపోవడం ఎర్రన్నకు కనపడింది.

సూరమ్మ లేచింది. మైకు మీద పచ్చలైటు వెలిగింది. ఆమె పెదాలు కదిలాయి, బాక్సులు మాత్రం ఉలకలేదు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు వీరభద్రం, ఒకటో నంబరు స్టిక్కరున్న మైకులో.

"లైటు వెలుగుతోంది, మైకు బాగానే ఉంది. ఆవిడ గొంతే అంత," అని ధవళేశ్వరరావు నిట్టూర్చాడు.

సూరమ్మ బెదిరిపోయి ఎర్రన్న వైపు చూసింది. అతను చెప్పమన్నట్టు తలూపాడు. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. వాగులో తన తల్లి నీళ్ళు ముంచడం, పిల్లలు ఈత నేర్చుకోవడం, ఎండాకాలం వాడంతా ఆ చెలమల మీదే బతకడం, అన్నీ చెప్పింది. "ఆ వాగు నీళ్ళు మీరు స్నానానికి వాడతారు అయ్యా, మేము ప్రాణానికి వాడతాం," అంది. మండపంలో అది సింహాచలం ఆవలింతకు కూడా అడ్డు రాలేదు.

ఆమె ముగించి మైకును ఆపకుండానే బల్ల మీద పెట్టింది. ధవళేశ్వరరావు ఆ బల్ల మీదికే వంగి మినిట్సు పుస్తకంలో "అర్జీదారు మౌనముగా సమ్మతించినారు" అని రాశాడు. రాస్తూ అధ్యక్షుడి చెవి దగ్గర, "వాగు మీ మడుగులో పడ్డట్టే సార్. ఆర్నెల్లు ఎండితే ఆ చెవులవాళ్ళు వాళ్ళే వాడ ఖాళీ చేస్తారు. ఆ గడ్డి కూడా మనదే," అన్నాడు.

"మెల్లగా అనవయ్యా, మైకుంది."

"అది చచ్చిన మైకు సార్. దీనికి చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే."

ఐరావతయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు అడవిలో ఎవరికైనా తెలుసు.

అప్పుడు మండపం వెనక నుంచి ఏదో హోరు వినిపించింది. వర్షమనుకున్నారు. కాదు, సంత. బేరాలు మధ్యలో వదిలేసి జనం జనమంతా వస్తున్నారు. జింకలు, అడవిపందులు, నెమళ్ళు, తాబేలు సైతం పరుగులాంటిది తీస్తోంది. ముందు వరసలో ఒక ముసలి అడవిపంది గర్జించింది. "ఏదయ్యా ఆ చచ్చిన మైకు? మాకు నిక్షేపంగా వినపడింది. సూరమ్మ మాటా వినపడింది, ఆ తర్వాత మాటా వినపడింది."

సూరమ్మ ముందు ఆ ముసలిదాన్ని చూసింది, తర్వాత మైకును చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ధవళేశ్వరరావు ముఖం ఆయన బట్టల కంటే తెల్లబడింది. "వీడు, ఈ ముంగిస ద్రోహం చేశాడు," అన్నాడు.

ఎర్రన్న జేబులోంచి రెండు కాగితాలు తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టాడు. పోయినేటిదొకటి, మొన్నటిదొకటి. రెండింటి మీదా ఎనిమిదే, రెండింటి కిందా అదే సంతకం.

ఐరావతయ్య చదివాడు. జనాన్ని చూశాడు. మళ్ళీ చదివాడు. ఆయన ఊరికే అధ్యక్షుడు కాలేదు. తొండమెత్తి నమస్కారం పెట్టి మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, సభను సంత దాకా తీసుకురావాలన్నది నా చిరకాల స్వప్నం. పల్లపువాడ ఆడబిడ్డ మాట అడవి మొత్తం వినాలని మా కార్యదర్శి చేత లిఖితపూర్వకంగా ఆదేశం ఇప్పించాను, ఇదిగో. ఇక ఆ చివరి మాటలంటారా, మీరు శ్రద్ధగా వింటున్నారో లేదో చూద్దామని ఆయన వేసిన చిన్న పరీక్ష. మీరు పాసయ్యారు. వాగు ఎక్కడికీ పోదు."

నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నవ్వారు. వాగు మాత్రం పోలేదు, అది చాలు సూరమ్మకు. కొంగ పైకి ఒక్క మాట అనలేకపోయాడు. అది కుట్ర అంటే అధ్యక్షుడి స్వప్నాన్ని కాదన్నట్టవుతుంది మరి.

వారం తిరిగేలోగా ఎర్రన్నకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అధ్యక్షుడి ఆజ్ఞ మీద ప్రశంసాపత్రం కూడా ధవళేశ్వరరావే రాయాల్సి వచ్చింది. "ఇతడు పై అధికారుల ఉత్తర్వులను అక్షరం పొల్లుపోకుండా పాటించును" అని ఆ అందమైన దస్తూరీతో రాస్తుంటే, కలం పాళీ రెండుసార్లు విరిగినంత పనైందట.

నీతి: పై అధికారి చెప్పింది చెప్పినట్టు చేయండి, ఆ తర్వాత ఆయన్ని దేవుడు కూడా కాపాడలేడు.