పరీక్ష లేని నది పరమ పవిత్రం

మార్చి పధ్నాలుగు, శనివారం, ఉదయం పది గంటలు. ఒస్సెల్ నది ఈతగాళ్ళ సంఘం గదిలో హాజరైనవారు: సభ్యులం పదకొండు మందిమి, కార్యదర్శి వినిఫ్రెడ్ ఆల్డస్, అతిథిగా నీటి కంపెనీ ప్రాంతీయ అధికారి డెస్మండ్ పార్జెటర్. మురుగును నదిలోకి వదలడం మనపాలిట మహోపకారమని ఆ పూటే నాకు బోధపడింది.

నవ్వకండి. ఒకప్పుడు ఈ నదిలో దిగితే ఏం దక్కేది? చలి, ఒకటీ అరా చేప. ఇప్పుడు ఊరు ఊరంతా మనతో ఈదుతోంది! చలికి గడప దాటని బద్ధకస్తులు సైతం తమ వంతు పంపుతున్నారు. హంసలు లేత గోధుమ రంగుకు తిరిగాయి. తెలుపు త్వరగా మాసిపోతుంది కదా. డాక్టరు దర్శనానికి మూడు వారాలు ఆగవలసిన ఈ దేశంలో, ఎదురుచూడకుండా దొరికేది కడుపునొప్పి ఒక్కటే. అది తక్కువ సేవా?

సంఘం ముందున్న ప్రశ్న ఇది: మా రేవుకు ప్రభుత్వమిచ్చిన ‘స్నానపు రేవు’ గుర్తింపును ఉంచుకోవాలా, వదులుకోవాలా? గుర్తింపు ఉన్నంతకాలం వేసవి అంతా నీటిని పరీక్షిస్తారు. పరీక్షించిన ప్రతిసారీ నీరు తప్పుతుంది. గుర్తింపు పోతే పరీక్ష ఉండదు, పరీక్ష లేకపోతే మురికీ ఉండదు. ఒక్క గొట్టమైనా మార్చకుండా నదిని శుద్ధి చేసే ఉపాయం ఇంతకన్నా గొప్పది ఉందా? వదులుకుంటున్నామని రాసిన కాగితాన్ని పార్జెటర్ గారు వెంట తెచ్చారు కూడా.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ రేవులో రోజూ ఈదుతున్న వినిఫ్రెడ్ గారు బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందుకు జరిపారు.

“మురుగు గేట్లు తీయడానికి మీకు అనుమతి పెద్ద వానలప్పుడే కదండీ? పోయిన ఏప్రిల్‌లో చినుకు లేదే, మరి తీశారేం?”

“భలేవారే! వాన కోసం కూర్చుంటే ఎలాగమ్మా? పంపు చెడి అప్పటికే ఆర్నెల్లయింది, మురుగు తొట్టి నిండిపోయింది. తీసేశాం. తొమ్మిది రోజులే లెండి.”

“తొమ్మిదా, పదా?”

“తొమ్మిదే. తీయమన్నది నేను, నాకు తెలీదా?”

“నేను మంచం పట్టింది పదకొండు రోజులు. రెండు రోజులు నా తప్పే అన్నమాట. క్షమించండి.”

“అయ్యో, పర్లేదండీ,” అన్నారాయన పెద్దమనసుతో.

కాలు తొక్కించుకుని కూడా ‘సారీ’ చెప్పుకునే జనం మేము. అందుకే కంపెనీలు మా దగ్గర సుఖంగా ఉంటాయి.

సంఘంలో ఒక పాత ఆనవాయితీ ఉంది. అతిథి పలికిన ప్రతి మాటనూ కార్యదర్శి రాస్తారు. వెళ్ళేముందు అతిథి దాని కింద సంతకం చేస్తారు. చదువుకోమని ఆవిడ రెండుసార్లు చెప్పారు. టీ ఇచ్చినవాళ్ళ ఎదుట కూర్చుని వాళ్ళ రాతను సరిచూడడం ఇక్కడ అమర్యాద. పార్జెటర్ గారు మర్యాదస్తులు. చూడకుండానే సంతకం పెట్టారు.

“మరి నేను తెచ్చిన కాగితం సంగతి?” అన్నారాయన.

“దానికేం తొందరండీ? ముందు మీరు సంతకం పెట్టిన ఈ కాగితాన్ని కోర్టువారిని చదవనివ్వండి.”

అంత పెద్ద కంపెనీలో అన్నీ ఉన్నాయి: గొట్టాలు, గేట్లు, వాటాదార్లు. ఇన్నేళ్ళూ ఎంత వెతికినా కనబడనిది, ‘తీయమన్నది నేను’ అనే మనిషి ఒక్కడే. వినిఫ్రెడ్ గారు సిరా ఆరేదాకా ఊది, ఆ మనిషిని నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో వేసుకున్నారు.