హుక్కు దిగాలంటే మారక్క ఎక్కాలి

హోసూరు దగ్గరి అత్తిముగం ఊరి అంజనప్ప ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పికప్పు వెనక ట్రైలరు తగిలించాలి, ట్రైలర్లో ఆవును ఎక్కించాలి, ఎండ ముదరకముందే కృష్ణగిరి చేరాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది? అంజనప్ప కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నాడు, పాపం.

ఆవు పేరు గౌరి. కృష్ణగిరిలో మామిడికాయల ప్రదర్శనతో పాటు పాలపోటీ కూడా ఉంది. ఆ పోటీ మీద ఆశంతా అంజనప్ప భార్య చెన్నమ్మది. పక్కింట్లోనే ఉండే ఆమె తోడికోడలు మారక్క వరసగా రెండేళ్ళు గెలిచి, ఇత్తడి బిందె తెచ్చుకుంది. చెన్నమ్మ ఎప్పుడు వెళ్ళినా, దాహం వేసినా వేయకపోయినా, మారక్క ఆ బిందెలోంచే నీళ్ళు ముంచి ఇస్తుంది. ఆ నీళ్ళు చెన్నమ్మకు గొంతు దిగవు. ఈ ఏడు మారక్క ఆవు వట్టిపోయింది. గెలిస్తే ఇప్పుడే గెలవాలని చెన్నమ్మ పంతం పట్టింది.

చిక్కంతా గౌరితోనే. దానికి పికప్పు ఎక్కడమంటే ప్రాణభయం. గాబరాపడిందంటే చేపదు, చుక్క పాలు రాలవు. అందుకని అంజనప్ప ఎత్తు తక్కువ ట్రైలరు ఒకటి సంపాదించి, దాన్ని తగిలించే హుక్కు కోసం హోసూరు వెల్డింగు షాపుకు వెళ్ళాడు. ఆ పూట బండి నిండా టమోటా పెట్టెలున్నాయి. మార్కెట్టుకు పోయే దారిలోనే పని కానిచ్చేద్దామని అతని తొందర. వెల్డింగు లక్ష్మణప్ప కూడా పెట్టెలు దించమనకుండా అలాగే బండి కిందికి దూరి కొలత తీసుకున్నాడు, ఎందుకంటే అతని ధ్యాస కొలత మీద లేదు.

"ఆవుకు వేరే బండి ఎందుకప్పా? నడిచేదానికి దానికి కాళ్ళు లేవా?"

"నడిస్తే అలిసిపోతాదప్పా."

"అట్లయితే నేనూ రేపట్నించి నడవను" అని లక్ష్మణప్ప హుక్కు బిగించేశాడు.

పోటీ రోజు పొద్దున ఖాళీ బండికి ట్రైలరు తగిలిస్తే అసలు సంగతి బయటపడింది. బరువు లేక బండి కింది స్ప్రింగు పట్టీలు పైకి లేచాయి, వాటితో పాటు హుక్కూ లేచింది. ట్రైలరు ముక్కు ఆకాశం వైపు చూస్తోంది. గౌరి ఎక్కి, వెనక్కి జారి, ఒకసారి అరిచి, తనంతట తానే దిగి మొహం తిప్పుకుంది.

అప్పటికే చుట్టుపక్కల వాళ్ళంతా పోగయ్యారు. పికప్పుకు కొక్కెం ఆ ఊళ్ళో ఎవరూ చూసింది లేదు. బావిలో పడ్డ మోటార్లు లాగేదానికని ఒకరు, కాదు తేరు లాగేదానికని ఇంకొకరు వాదించుకుంటున్నారు.

"నాయనా, బరువుంటే కదా హుక్కు దిగేది? రాళ్ళు వేద్దామా?" అన్నాడు కొడుకు విఘ్నేష్. హోసూరు ఫ్యాక్టరీలో ఈమధ్యే పర్మనెంటు అయిన కుర్రాడు, ఆ పూట బండి నడపడానికి సెలవు పెట్టాడు.

"రాళ్ళు ఎత్తేదెవరు, దించేదెవరు? ఈడ ఇంతమంది సుమ్మనే నిలబడి ఉండారు కదా. మనుషులైతే వాళ్ళే ఎక్కుతారు, వాళ్ళే దిగుతారు."

ఈ మాట తర్వాత అంజనప్పకు చాలాసార్లు గుర్తుకొచ్చింది.

పిలవడమే ఆలస్యం, చూడ్డానికి వచ్చిన దాయాదులంతా పికప్పు ఎక్కేశారు. హుక్కు దిగింది. కానీ ఇంకో రెండు వేళ్ళ ఎత్తు మిగిలింది. అందరి చూపులూ మెల్లగా మారక్క గుమ్మం వైపు తిరిగాయి. మారక్క పుష్టిగల మనిషి.

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా మీకు?" అని చెన్నమ్మ పళ్ళు కొరికింది. తర్వాత బిందె గుర్తుకొచ్చింది. కొంగు సర్దుకుని పక్కింటికి నడిచింది.

"అక్కా, కృష్ణగిరికి పోతా ఉండాము. నువ్వూ రాక్కా."

చెన్నమ్మ నోట 'రాక్కా' అన్న మాట విని ఎన్నాళ్ళయిందో, మారక్క చేతిలోని చేట కింద పెట్టేసింది.

"నన్ను ఎందుకమ్మా?"

"సుమ్మనే."

"బండెడు చుట్టాలు సుమ్మనే పోతారా?"

"నువ్వు లేకుంటే పని జరగదక్కా" అంది చెన్నమ్మ. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మారక్క బుర్ర చకచకా పనిచేసింది. ఇంటి పెద్దకోడలు లేకపోతే జరగని పని ఆ ఊళ్ళో ఒక్కటే: పిల్లను చూసి తాంబూలం పుచ్చుకోవడం. విఘ్నేష్ ఉద్యోగం చూస్తే పర్మనెంటు. ఓసి దొంగా, ఇంతలోనే సంబంధం కుదిర్చేశావా! మారక్క లోపలికి వెళ్ళి పట్టుచీర కట్టింది. తట్టలో అరటిపళ్ళు, తమలపాకులు, పూలు సర్దింది. బండి దగ్గరికి రాకముందే వీధి చివర ఎస్టీడీ బూతుకు వెళ్ళి, శూలగిరిలో పంక్చరు షాపు పెట్టుకున్న నాగేశప్పకు ఫోను కొట్టింది. నాగేశప్ప చెన్నమ్మకు అన్న, విఘ్నేష్‌కు సొంత మేనమామ.

"ఏమన్నా, నీ మేనల్లునికి పిల్లను చూసేదానికి పోతా ఉండాము. నిన్ను పిలవలేదా? అయ్యో, నాకు తెలియదే!"

పట్టుచీరనూ తాంబూలం తట్టనూ చూడగానే బండిలో ఉన్న ఆడవాళ్ళంతా దిగి, ఇళ్ళకు పరిగెత్తి, చీరలు మార్చుకుని వచ్చారు. మారక్క ఎక్కింది. హుక్కు సరిగ్గా సమానానికి వచ్చింది. గౌరి ట్రైలర్లోకి నడిచి బుద్ధిగా నిలబడింది. విఘ్నేష్ కూడా ఎప్పుడు మార్చుకున్నాడో, కొత్త చొక్కాలో ఉన్నాడు.

"నిజం చెప్పేద్దామా?" అన్నాడు అంజనప్ప గుసగుసగా.

"బరువుకు పిలిచినామని తెలిస్తే దిగిపోతాది. బిందె చేతికొచ్చేదాకా నువ్వు నోరు తెరవొద్దు" అని, చెన్నమ్మ పలుపు పట్టుకుని గౌరి పక్కన నిలబడింది.

"అమ్మా, పిల్ల పేరేమి?" అన్నాడు విఘ్నేష్ సిగ్గుపడుతూ.

"నోరు మూసుకొని బండి నడుపు."

తల్లి సస్పెన్సు పెడుతోందనుకుని విఘ్నేష్ ఇంకా సంతోషపడ్డాడు.

శూలగిరి దాకా ప్రయాణం బ్రహ్మాండంగా సాగింది. పిల్లది ఏ ఊరు, ఏం చదివింది, ఎంత పొడుగని వెనక ఒకటే చర్చ. శూలగిరి దాటగానే రోడ్డు మధ్య చేతులు చాపి నాగేశప్ప నిలబడి ఉన్నాడు. విఘ్నేష్ బండిని పక్కకు తిప్పి, మట్టిగట్టును ఆనించి ఆపాడు.

"మేనమామ చచ్చిపోయినాడనుకుంటిరా? నన్ను పిలవకుండా తాంబూలమా?" నాగేశప్ప కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

మేనమామ అలిగితే బండిలో కూర్చుని బుజ్జగించకూడదు. దిగాలి. మగవాళ్ళంతా దూకారు. పట్టుచీరతో దూకలేని మారక్క కోసం పికప్పు పక్కచెక్క విప్పి గట్టు మీదికి వాల్చారు. ఆమె దానిమీద దర్జాగా నడిచి దిగింది. దిగీదిగగానే బండి వెనకభాగం లేచింది. ట్రైలరు ముక్కు పైకి పోయింది. వెనక తలుపు ఊడింది. చెన్నమ్మ ట్రైలర్లో పరిచిన గడ్డిలో కూలబడింది, చేతిలోంచి పలుపు జారింది. గౌరి కిందికి నడిచొచ్చి లోకాన్ని ఒకసారి కలయజూసింది.

"పట్టుకోండప్పా! బెదిరిందంటే చేపదు!" అని చెన్నమ్మ అరిచింది.

గౌరి బెదరలేదు. పికప్పులోంచి మగ్గిన అరటిపళ్ళ వాసన వస్తోంది. అది గట్టెక్కి, మారక్క దిగిన చెక్క మీదుగానే పికప్పులోకి నడిచి, తట్టలో మూతి పెట్టింది. ముందు అరటిపళ్ళు, తర్వాత తమలపాకులు, చివరికి పూలు. ఎంత లాగినా దిగలేదు.

"తాంబూలం ఆవు తినేసిందే! ఏమి శకునమమ్మా ఇది?" అని మారక్క గుండె బాదుకుంది.

చెన్నమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "తాంబూలం లేదు, పాడూ లేదు! హుక్కు దిగాలని బరువుకు ఎక్కించినాం మిమ్మల్ని! ఒక్కసారి, ఒక్కసారి నేను గెలవాలని ఆశపడినాను. అదీ పాయె!"

నాగేశప్ప అలక మరిచిపోయాడు. అందరూ మారక్క మొహంలోకి చూస్తున్నారు.

"అంటే నన్ను పిలిచింది బరువుకా?"

"అవునక్కా" అంది చెన్నమ్మ చెంపలు తుడుచుకుంటూ.

మారక్క గౌరిని చూసింది. ఊడిన ట్రైలరు తలుపును చూసింది. చెన్నమ్మను చూసింది. "ఆ మాట ముందే చెప్పుంటే పాతచీరతో వచ్చేదాన్ని కదే! ఇంత ఆశ లోపల పెట్టుకొని, అడిగేదానికి నోరు రాలేదా నీకు?" అని గుంపు వైపు తిరిగింది. "ఏమి చూస్తా ఉండారు? ఆవు బరువుకు హుక్కు దిగింది కదా. బిరీన ట్రైలరెక్కండి. ఆడ పోటీ గేటు మూసేస్తే మా చెల్లెలు ఏమైపోవాల?"

నిజంగానే దిగింది. మారక్కతో సహా చుట్టాలంతా ఎక్కితే ఎంతకు దిగిందో, గౌరి ఒక్కతే ఎక్కినా అంతకే దిగింది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

కృష్ణగిరిలో గేటు దగ్గరి మనిషి పికప్పులో ఆవునూ, ట్రైలర్లో గడ్డి మీద పట్టుచీరలనూ మార్చి మార్చి చూసి, "పోటీకి వచ్చింది యారు? ఆవా, మీరా?" అన్నాడు అరవం కలిసిన తెలుగులో. కడుపు నిండిన గౌరి ఆ పూట ఎంత చేపిందంటే చెన్నమ్మ చేతులు నొప్పెట్టాయి. బిందె వచ్చింది. చెన్నమ్మ అందులో మొదటి నీళ్ళు ముంచి మారక్కకే ఇచ్చింది. మారక్క తాగి, "మా బిందె నీళ్ళంత చల్లగా లేవమ్మా" అంది.

హుక్కును దించి బిగించుకుందామని అంజనప్ప ఎంత మొత్తుకున్నా, ఆ ఎత్తే కలిసొచ్చిందని చెన్నమ్మ ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడికి బయలుదేరినా ఆవు పికప్పులో, చుట్టాలు ట్రైలర్లో వెళుతున్నారు. విఘ్నేష్ మాత్రం కొత్త చొక్కా వేసుకుని పిల్ల పేరు అడుగుతూనే ఉన్నాడు.