బ్యాటరీ రక్షణ కమిటీ

దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి విను. మా కాలనీలో ఒక ల్యాప్‌టాప్ బ్యాటరీని కాపాడడానికి పెద్దమనుషులు నడుం కట్టిన ఘనత మరుగున పడకూడదని చెబుతున్నాను.

మా మనవరాలు జమునకు ఉద్యోగ పరీక్ష వచ్చింది. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాయాలి. మధ్యలో ఆగిపోతే అంతే, మళ్ళీ తెరవరు. సరిగ్గా అదే ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా, మరమ్మతుల నిమిత్తం, చుట్టుపక్కల కాలనీలన్నింటికీ కరెంటు ఉండదని నోటీసు అంటించారు. మా వాకిట్లో నిలబడితే పవర్‌హౌస్ పొగగొట్టాలు కనబడతాయి. ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుందట. పొగ మనకు దక్కుతోంది కదా, అన్నీ మనకే కావాలంటే ఎలా?

ల్యాప్‌టాప్ పాతది. చార్జింగ్ గంట కూడా నిలిచేది కాదు. జమున అందులో ఉన్నది తీసేసి లినక్స్ అనేదేదో ఎక్కించింది. మూడు రోజులు దాని ముందే కూర్చుంది.

"వెలుగు తగ్గించిన అవ్వా, బ్లూటూత్ బంద్ వెట్టిన. ఇగ వెనకాల ఏం పని జెయ్యకుంట ఊకెనే చార్జింగ్ తినేటియి ఉన్నయి. ఒక్కొక్కదాన్ని వట్టి ఆపుతున్న."

"ఎన్ని దొరికినయే?"

"పదకొండు."

శనివారానికి బ్యాటరీ రెండున్నర గంటలు నిలిచింది. నెట్టు ఫోనులోంచి తీసుకుంటుందట. మా ఆయన ఎల్లేశం సంతోషం పట్టలేక ఆ మాట చాయ్ హోటల్లో చెప్పాడు. చీకటి పడేలోగా పదకొండు మందితో బ్యాటరీ రక్షణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు కాలనీ లీడరు జగదీశ్వర్. సాంకేతిక సలహాదారు సదయ్య. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయి లాంపు రూంలో పనిచేసి, దిగేవాళ్ళ టోపీ లాంపులు చార్జింగ్ పెట్టి, వెలిగించి చూసి, గుర్తుగా వాళ్ళ నంబరు బిళ్ళ తీసుకొని చేతికిచ్చిన మనిషి. ఆయన ఇచ్చిన లాంపు బాయిలో ఆరిన దాఖలా లేదు. ల్యాప్‌టాప్ సంగతి ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆదివారం తొమ్మిదికల్లా మా వాకిట్లో కుర్చీలు వేశారు. బొగ్గుబాయి రక్షణ వారోత్సవాల్లో మిగిలిన బ్యానరు తిరగేసి కట్టారు. సదయ్య ల్యాప్‌టాప్‌ను స్వాధీనం చేసుకొని, రసీదుగా జమున చేతిలో ఇత్తడి బిళ్ళ పెట్టాడు.

"దిగేముందు లాంపు వెలిగించి చూడకుంట పంపుతరా బిడ్డా? చార్జర్ పీకుండ్రి. ఫుల్లు వెలుగు వెట్టుండ్రి."

"సదయ్య తాతా, ఇది లాంపు కాదే! గిట్ల వెలిగిస్తే అయిపోతది!"

"ముప్పై ఏండ్ల సర్వీసు నాది. నువ్వు నిన్న పుట్టినవ్."

పదకొండు మందీ వరుసగా వచ్చి, తెర తేరిపార చూసి, వెలుగు సంతృప్తికరమని రిజిస్టరులో సంతకాలు చేశారు. బొమ్మ కూడా కదలాలని ఒకాయన సూచించగా సినిమా పాట పెట్టారు. పాట నడుస్తుండగా జగదీశ్వర్ లేచాడు.

"సోదర సోదరీమణులారా! దేశానికి వెలుగునిచ్చిన గడ్డ మనది! ఒక ఆడబిడ్డ భవిష్యత్తు చీకట్లో పడకుండ ఈ కమిటీ చివరి రక్తపుబొట్టు దాకా..."

"కాకా, చార్జింగ్ పోతాంది!" జమున చార్జర్ వైరు పట్టుకొని ముందుకొచ్చింది.

"జర ఆగు బిడ్డా, నీ గురించే మాట్లాడుతున్న."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అందరికీ చాయ్ పోశాను కూడా, మర్యాద కదా.

పదికి రెండు నిమిషాల ముందు బిళ్ళ వాపసు తీసుకొని ల్యాప్‌టాప్ ఇచ్చారు. పదికి కరెంటు పోయింది. మన దగ్గర సమయానికి జరిగేది అదొక్కటే. జమున తలుపు వేసుకుంది. పదకొండు కాకముందే, వందలో నలభై ఏడో ప్రశ్న దగ్గర, తెర నల్లబడింది.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. తప్పంతా లినక్స్‌దేనని ఏకగ్రీవంగా తీర్మానించింది. తర్వాత అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మౌనమేదో తొమ్మిదింటికే పాటించి ఉంటే పిల్ల గట్టెక్కేది.

జమున బయటికొచ్చింది. మౌనంగా నిలబడ్డ వాళ్ళను ఒక్కొక్కరినే వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు అయ్యారు. ఆ వేలు అక్కడ ఆగలేదు. చాయ్ గ్లాసులు ఏరుతున్న నా వైపు తిరిగింది.

"పన్నెండు," అంది.

ఇది గుర్తుపెట్టుకొని నలుగురికీ చెప్పు బిడ్డా. నువ్వెప్పుడైనా ఏ సభలోనైనా మర్యాదకు చప్పట్లు కొట్టి ఉంటే, చెప్పేటప్పుడు పదమూడని కలుపుకో.