అంకిసలో ఫుల్ సిగ్నల్

ఊళ్లో సెల్ టవర్ పనిచేయకపోవడం మహాభాగ్యం! నమ్మరా? అయితే మహారాష్ట్ర అంచున, గోదావరి పక్కనున్న అంకిస ఊరి అరుణశ్రీ సంగతి వినండి.

అరుణశ్రీది ఆకాశం ఉద్యోగం. ఒక ఉపగ్రహం నింగినంతా ఇన్‌ఫ్రారెడ్‌లో ఫొటోలు తీసి పంపుతుంది. కంటికి ఆనని, వేడి జాడగా మాత్రమే తెలిసే మసక చుక్కలు వాటిలో బోలెడు. ఏది నిజంగా నక్షత్రమో, ఏది కెమెరా మరకో తేల్చి, నిజమైనవాటినే కేటలాగ్‌లోకి ఎక్కించడం ఆమె పని.

ఎక్కడో ఉన్న నక్షత్రాల వెలుగు భూమిదాకా వచ్చేస్తుంది. సిగ్నల్ మాత్రం అంకిసదాకా రాదు! వానాకాలంలో పిడుగు పడ్డప్పటినుంచి టవర్ మూగబోయింది. అందుకని ఆమె రోజూ స్కూటీ మీద గోదావరి ఒడ్డుకెళ్లి, అవతలి గట్టు సిగ్నల్ పట్టుకుని పనిచేసుకునేది. ఎంత ఆరోగ్యం! నది గాలి, కావలసినంత ఎండ. ఊరంతా అక్కడికే వచ్చి ఫోన్లు మాట్లాడటంతో ఏ ఇంటి గుట్టూ మిగల్లేదు. వియ్యపురాలిని తిట్టాలన్నా పక్కింటి ఎల్లక్క పదిమంది ముందే తిట్టాలి. ఇంతటి ఐకమత్యం టవర్ ఉంటే వచ్చేదా?

ఒక మధ్యాహ్నం ఎల్లక్క ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది.

"అరుణా, మా ఇంటాయనకు ఛాతీల నొస్తుందట! అంబులెన్సుకు జర ఫోన్ కొట్టు బిడ్డా!"

సిగ్నల్ అవతలి రాష్ట్రానిది కాబట్టి ఫోనూ అటే పోయింది. "మీది మహారాష్ట్ర అమ్మా, మా కిందికి రాదు" అన్నారు అక్కడి అంబులెన్సువాళ్లు, ఎంతో మర్యాదగా.

అరుణశ్రీ ల్యాప్‌టాప్ ఇసుకలోనే వదిలేసి, రోడ్డెక్కి, చేపల ఆటోకు అడ్డం నిలబడింది. ఎల్లక్క భర్త లస్మయ్యను ఐసు పెట్టెల మధ్య పడుకోబెట్టి సిరోంచ ఆసుపత్రికి చేర్చారు. దారిపొడుగునా ఆయన చెయ్యి వదల్లేదామె. బతికాడు. "జర ఆలస్యమైతే దక్కకపోతుండె" అన్నాడు డాక్టర్. మామూలు అంబులెన్సులో అంత చల్లదనం దొరుకుతుందా చెప్పండి!

అరుణశ్రీ ఫిర్యాదు చేస్తే టవర్ కంపెనీ ఇంజినీరు ఊళ్లోకి వచ్చాడు. కంపెనీ సిగ్నల్ మ్యాపు తెరిచి చూపించాడు. అంకిస అంతటా పచ్చరంగు.

"ఫుల్ సిగ్నల్ ఉన్నది కద మేడం. ఇగ పరేషాన్ ఏంది?"

"మీ ఫోన్ చూస్కోండ్రి సార్."

చూసుకున్నాడు. ఒక్క గీతా లేదు. మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"లేని చుక్కను ఉన్నదని ఎక్కిస్తే నా కొలువు పోతది సార్. మీరు లేని సిగ్నల్‌ను ఉన్నదని రాసిన్రు. మీకేం కాలేదా?"

ఇంజినీరు అబద్ధమాడే మనిషి కాదు. కాస్త సిగ్గుపడుతూనే చెప్పాడు.

"అయింది మేడం. ప్రమోషన్ అయింది."